ముందు విప్పడం నేర్చుకోండి

మా రోజుల్లో డ్రై ఫ్లై కట్టడం నేర్చుకోవాలంటే ముందు ఒకదాన్ని విప్పాలి. ఈ మాట ఇప్పటి కుర్రాళ్లతో అంటే వింతగా చూస్తారు. "వీడియో ఉంది కదా అంకుల్, చూసి కట్టేస్తాం" అంటారు. కట్టేస్తారు కూడా. శనివారం పొద్దున కిట్టు డబ్బా తెరుస్తారు, ఆదివారం సాయంత్రానికి అరడజను రకాలు కట్టి ఫోన్లో ఫొటోలు పంపుతారు. ఫొటోలో అన్నీ ముచ్చటగానే ఉంటాయి. నీళ్లలో వేస్తే ఒకటి పక్కకు ఒరుగుతుంది, ఇంకొకటి ముక్కు ముంచుతుంది.

ఈ సంగతి తెలియనివారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. ట్రౌట్ అనేది చల్లటి ఏటి చేప. ఏటి అడుగున రాళ్లను పట్టుకుని పెరిగే మేఫ్లై పురుగులు రెక్కలు వచ్చే వేళకు నీటి పైకి వస్తాయి. తొలకరి వానకు మన ఊళ్లలో ఉసిళ్లు లేచినట్టు ఒక్కసారిగా లేస్తాయి. ఎగిరేలోపు కాసేపు నీటి మీద తేలుతూ పోతాయి. ఆ కాసేపట్లోనే ట్రౌట్ పైకొచ్చి వాటిని అందుకుంటుంది. అలాంటి పురుగును చిటికెన వేలి గోరంత గాలం మీద ఈకతో, దారంతో కట్టి, మునగకుండా తేలేటట్టు చేస్తే అది డ్రై ఫ్లై. ఎర్రను గుచ్చి కాలవలో వేసే గాలం సంగతి వేరు. అక్కడ వాసన ఉంది, రుచి ఉంది. ఇక్కడ చేపను నమ్మించాల్సింది మన చేతిపని ఒక్కటే.

ఈ విద్యను పుస్తకానికి ఎక్కించినవాడు ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్. హాంప్‌షైర్‌లోని టెస్ట్ నది ఒడ్డున మారియట్ అనే మిత్రుడి సాయంతో పనిచేసి, 1886లో తేలే ఫ్లైల మీద పుస్తకం తెచ్చాడు. 1890లో ఆయన పంపిన ఫ్లైలు అమెరికాలో ఉన్న థియొడోర్ గోర్డన్ చేతికి వచ్చాయి. గోర్డన్ వాటిని కళ్లకద్దుకుని ఊరుకోలేదు. టెస్ట్ నది నింపాదిగా పారే నది. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో ఏళ్లు రాళ్ల మీద దూకుతూ పోతాయి, వాటి పురుగులూ వేరే. అందుకని ఈకల గట్టిదనం దగ్గర్నుంచి రెక్కల దాకా తన ఏటికి తగ్గట్టు మార్చాడు. అలా వచ్చిందే క్విల్ గోర్డన్ అనే ఫ్లై.

తరవాతి కథే నాకు ముఖ్యం. 1920ల చివర్లో ఆ కొండల్లో ఫ్లైలు కట్టడంలో రూబ్ క్రాస్‌ను మించినవాడు లేడు. రాస్కో ఊరికి చెందిన వాల్ట్ డెట్ అనే కుర్రవాడు డబ్బిస్తాను, నేర్పమని అడిగాడు. క్రాస్ పొమ్మన్నాడు. వాల్ట్, అతని భార్య విన్నీ, స్నేహితుడు హారీ డార్బీ కలిసి క్రాస్ కట్టిన ఫ్లైలనే కొనుక్కొచ్చి, ఒక్కొక్క చుట్టూ విప్పుకుంటూ పోయారు. ఏది ముందు కట్టాడో, ఏది తరవాతో అలా పట్టుకున్నారు. ఆ ముగ్గురూ, హారీ భార్య ఎల్సీ, ఆ తరవాత దశాబ్దాలపాటు క్యాట్‌స్కిల్ పనితనానికి పేరు నిలబెట్టారు. గురువు కాదన్నా ఆయన చేతిపనే వాళ్లకు పాఠం చెప్పింది.

నేను 1970ల్లో ఉద్యోగానికి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ వచ్చినప్పుడు అక్కడి పెద్దవాళ్లు నాకు చెప్పిందీ ఇదే పద్ధతి. 17వ నంబరు రోడ్డెక్కి రాస్కో వెళ్లు, మంచి ఫ్లైలు కొను, బ్లేడు తీసుకో. చేసి చూస్తే తెలుస్తుంది ఆ మాటలో ఎంత ఉందో. గాలాన్ని పట్టి ఉంచే వైస్‌లో ఫ్లైని బిగించి, తల దగ్గర గట్టిపడిన లక్కను బ్లేడు మొనతో గీరి, దారం కొస పట్టుకుని వెనక్కి తిప్పడం మొదలుపెడితే కట్టినవాడు చివర చేసిన పని మొదట బయటపడుతుంది. రెక్కకు ముందు ఈక ఎన్ని చుట్లు, వెనక ఎన్ని చుట్లు, లెక్క తేలుతుంది. ఇంకా లోపలికి పోతే రెక్క కట్టగా మిగిలిన మొదలు కనబడుతుంది. దాన్ని అడ్డంగా తెగ్గొట్టి ఉండరు, వాలుగా కోసి ఉంటారు. పైన చుట్టిన ఒళ్లు తోక నుంచి రెక్క దాకా మిట్టపల్లాలు లేకుండా నున్నగా లావెక్కుతూ వచ్చిందంటే ఆ వాలు వల్లే. పూర్తయిన ఫ్లైని ఎంత సేపు చూసినా ఇది కనిపించదు. వీడియోలో చూపిస్తారు, కాదనను. చూస్తున్నవాడి కన్ను మాత్రం అప్పుడు రెక్క మీద ఉంటుంది, మొదలు మీద కాదు.

దారం బిగువైతే ఏ తెర మీదా కనబడదు. అది వేలికి తెలియాలి. పాతకాలం వాళ్లు కొత్తవాడికి ఇచ్చే మొదటి పని ఖాళీ గాలానికి దారం చుట్టి తెగేదాకా లాగమనడం. తెగడానికి వెంట్రుకవాసి ముందు ఆగడం వచ్చాక ఈక చేతికిచ్చేవారు. ఇప్పుడు లాగినా తెగని సన్నటి దారాలొచ్చాయి. కుర్రాళ్లు బలంకొద్దీ బిగిస్తారు, ఈక కాడ నలిగిపోతుంది, చుట్టేటప్పుడు మెలి తిరుగుతుంది. ఈక బాగాలేదంటారు. ఈకకేం, బ్రహ్మాండంగా ఉంది!

ఈకల మాట వచ్చింది కనుక నింపాదిగా చెప్పాలి. డ్రై ఫ్లైని తేల్చేది పుంజు మెడ ఈక. గాలం చుట్టూ చుడితే దాని పోచలు నలుదిక్కులా విచ్చుకుని, కొసలతో నీటి పొర మీద నిలబడతాయి. పోచలు గట్టిగా ఉండాలి, మొదట్లో మెత్తటి నూగు తక్కువగా ఉండాలి. నూగు నీరు పీలుస్తుంది. మాది భీమవరం వైపు. డేగ, కాకి, పర్ల అని పుంజుల్ని ఈకల్ని బట్టి పిలిచే నేల. సంక్రాంతి ముందు పెద్దవాళ్లు పుంజు మెడ నిమిరి ఈక నిగనిగ చూసి మాట్లాడేవారు. నేను ఫ్లైలు కట్టడం నేర్చుకునే రోజుల్లో అమెరికా దుకాణాల్లో దొరికే మెడ తోళ్లలో చాలా భాగం మన దేశం నుంచీ చైనా నుంచీ వచ్చినవే. ఇండియన్ నెక్ అని అమ్మేవారు. ఈక పొట్టి, ఒక్క ఫ్లైకి రెండు కావాల్సి వచ్చేది. తోళ్ల బుట్టలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసి, ఈకను వంచి పోచలు చివుక్కున విడివడుతున్నాయా లేదా చూసి, పెదవికి తాకించి గరుకు చూసి ఏరుకునేవాళ్లం. ఒక్క మంచి తోలు దొరికితే ఆ రోజుకు పండగే.

కష్టం పొగరంగు ఈకతో. బ్లూ డన్ అంటారు. క్విల్ గోర్డన్‌కు కావలసింది అదే. రెండు పొగరంగు కోళ్లను జతకడితే పిల్లల్లో సగమే ఆ రంగు. మిగతా సగంలో కొన్ని నలుపు, కొన్ని మచ్చల తెలుపు. అందుకే హారీ డార్బీ ఆ రంగు కోసమే కోళ్లు పెంచాడు. ఆయన దగ్గర్నుంచి గుడ్లు మిన్నెసోటాలో ఆండీ మైనర్‌కు, అక్కణ్నుంచి పెన్సిల్వేనియాలో బక్ మెట్జ్‌కు చేరాయి. ఒరెగాన్‌లో హెన్రీ హాఫ్‌మన్ నలుపుతెలుపు చారల పుంజులు పెంచితే, ఆ సంతతిని 1989లో టామ్ వైటింగ్ కొని కొలరాడోలో ఇంకా ముందుకు తీసుకుపోయాడు. ఇవాళ పుంజు నడుం మీది ఒక్క పొడుగాటి ఈకతో నాలుగైదు ఫ్లైలు కట్టొచ్చు. మా రోజుల ఈక కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. అందులో అనుమానం లేదు. నా బాధల్లా అంత మేలైన ఈకను వంచి చూసేవాడు లేడని. ప్యాకెట్టు మీద సైజు రాసి ఉంటుంది, అది చదివి చుట్టేస్తారు. గాలం నోటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పోచ ఉండాలన్న సంగతి ఈకను గాలం పక్కన పెట్టి చూస్తే గదా తెలిసేది!

2011లో ఇంకో వైపరీత్యం చూశాను. అమ్మాయిలు జుట్టులో ఈకలు పెట్టుకోవడం ఫ్యాషనై, బ్యూటీ సెలూన్లవాళ్లు ఆ చారల ఈకల్ని ఊడ్చుకుపోయారు. తరాలపాటు ఏరి పెంచిన పుంజుల ఈకలు కొన్ని నెలలు ఫ్లైలు కట్టేవాళ్లకు దొరకలేదు. దొరికినచోట ధర మండిపోయింది. ఇప్పటికీ తలచుకుంటే కడుపు మండుతుంది.

ఇక నెమలికన్ను. చిన్నప్పుడు పుస్తకంలో దాచుకోనివాళ్లు మనలో ఎవరు? క్విల్ గోర్డన్ ఒళ్లు దానితోనే. కంటి దగ్గరి పోచ ఒకటి తీసి బల్ల మీద పరిచి, పెన్సిలు రబ్బరుతో మొదలు వైపుకు మెల్లగా రుద్దితే ఆకుపచ్చ నూగు రాలిపోయి సన్నటి కాడ మిగులుతుంది. ఆ కాడకు ఒక అంచు నలుపు, ఒక అంచు లేత రంగు. గాలానికి పక్కపక్కనే చుడితే అచ్చం పురుగు ఒంటి మీది కణుపుల్లాగే చారలు వస్తాయి. ఈక కింది భాగంలోని పోచకు ఈ రెండు రంగులు సరిగ్గా ఉండవు. రబ్బరుతో రుద్దినవాడికి అది మొదటి పూటే తెలుస్తుంది. ఇప్పుడు నూగు తీసి, రంగు వేసి, ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఒంటి మీద చార సరిగా పడలేదేమని అడిగితే కుర్రాడికి కారణం తెలియదు. నెమలి మన జాతీయ పక్షి, 1972 చట్టం దానికి రక్షణ ఇచ్చింది, ఈకల ఎగుమతి కూడా మన ప్రభుత్వం ఆపింది. మంచి పనే. దొరికిన ఒక్క ఈకనూ పోచ పోచగా చూసుకుని వాడాలన్నది అందుకే.

ఫోమ్ ముక్కలతో కట్టేవాటి జోలికి నేను పోను. ఎలా కట్టినా తేలుతుంది కనుక అది చేతికి ఏమీ నేర్పదు.

ఇంకొక మాట కూడా అంటుంటారు. "ఇంత కష్టమెందుకు అంకుల్, తక్కువకే దొరుకుతున్నాయిగా, మెషిన్లు కట్టేస్తాయి" అని. ఏ మెషినూ కట్టదు బాబూ. దుకాణంలో దొరికే ప్రతి ఫ్లైనీ కెన్యాలోనో శ్రీలంకలోనో మరెక్కడో ఎవరో ఒకరు చేత్తో కట్టారు. రోజంతా అదే పనిలో ఉన్న ఆ వేళ్లకు మనం దండం పెట్టాలి.

నా దగ్గరికొచ్చే పిల్లలకు చెప్పేది ఒక్కటే. చలికాలం మొదలవగానే ఒకే రకం పట్టుకోండి. క్విల్ గోర్డన్, 14వ నంబరు గాలం. మంచి చెయ్యి కట్టినవి రెండు మూడు కొని విప్పండి, విప్పిన ముక్కల్ని తెల్ల కాగితం మీద వరసగా అంటించుకోండి. తోక గాలం కాడంత పొడుగు. గాలం కన్ను వెనక కాస్త కాడ ఖాళీగా వదలండి. కొత్తవాళ్లందరూ అక్కడే ఈక కుక్కి, కన్ను పూడ్చేసి, ఏటి ఒడ్డున దారం ఎక్కించలేక తంటాలు పడతారు. కట్టింది బల్ల మీద వదిలితే ఈక కొసల మీద, తోక మీద నిలబడాలి. ఒరిగితే బ్లేడు తీసుకుని విప్పి, ఆ గాలం మీదే మళ్లీ కట్టండి. ఏప్రిల్లో ఆ ఫ్లై పోలిన పురుగు క్యాట్‌స్కిల్ ఏళ్ల మీద లేచేదాకా ఇంకో రకం ముట్టుకోవద్దు. ఆ తరవాత వీడియోలు ఎన్ని కావాలంటే అన్ని చూడండి. ఎవడు రెక్క మొదలు వాలుగా కోస్తున్నాడో, ఎవడు అడ్డంగా తెగ్గొడుతున్నాడో మీకే కనబడుతుంది.