చీరకున్న తెలివి

రైల్లో అయితే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరసగా వస్తాయి. మా వికీ పేజీలోని పట్టికను ఫోన్‌లో తెరిస్తే ధర్మవరం వస్తుంది, పెనుకొండ సగమే వస్తుంది, హిందూపురం తెర బయటే దిగిపోతుంది. దాని కోసం వేలితో లాగీ లాగీ విసుగొచ్చింది.

మిత్రులం కలిసి మీడియావికీ మీద మా ఊళ్ల సంగతులు పెడుతున్నాం. మూస (టెంప్లేట్) తయారుచేసిన తమ్ముడు పట్టిక వెడల్పును 1200 పిక్సెళ్లకు బిగించాడు. అడిగితే "నా ల్యాప్‌టాప్‌లో బానే కనపడతాండాది కదన్నా!" అంటాడు. లోకమంతా వాడి ల్యాప్‌టాప్ ముందే కూచుంది మరి!

ఏ తెరలోనైనా ఒదిగే పేజీల పద్ధతికి రెస్పాన్సివ్ డిజైన్ అన్న పేరును వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లోనే పెట్టాడు. తెరను బట్టి పేజీ సర్దుకోవడానికి మీడియా క్వెరీలున్నాయి. వికీలో చిక్కల్లా, గడి పక్కనే రాసే స్టైల్‌లో అవి పనిచేయవు. టెంప్లేట్‌స్టైల్స్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని మూసకు వేరే స్టైల్ పేజీ రాయాలి. అంత ఓపిక ఎవరికుంది?

అదే ధర్మవరం చీరను చూడండి. మగ్గం దగ్గర ఎవరి నడుం కొలతా తీసుకోరు. ఐదున్నర మీటర్లు నేసి మడత పెడతారు, అంతే. సన్నటి కోడలు నాలుగు కుచ్చిళ్లు ఎక్కువ పోసుకుంటుంది, నిండైన అత్త రెండు తగ్గించుకుంటుంది, పొట్టి ఆడబిడ్డ నడుం దగ్గర ఇంకాస్త లోపలికి దోపుతుంది. ఎవరు కట్టినా అంచు పాదాల దగ్గరికే, పైట భుజం మీదికే. పైట చూడ్డానికి ఆమెను పక్కకు లాగాల్సిన పని లేదు, లాగితే తన్నులే! లేపాక్షి స్తంభాల మీది లతలు కూడా రాతిని వదిలి చీర అంచులో చక్కగా ఒదిగాయి. మా పట్టికకే ఎక్కడలేని బిగువు.

చీరల పేజీలోనూ ఇదే తంతు. రకం, జరీ, ధర, ఆఖరి గడిలో నేసినవారి పేరు. ఫోన్‌లో ధర దాకానే కనబడుతుంది. నేతన్న చేతిలో ఉండేది ఫోనే. ఒకాయన "నా పేరు యాడుందబ్బా?" అన్నాడు. "పక్కకు లాగు మామా" అన్నాం. లాగాడు. పేజీ పైకి పోయింది. "పోనీలే" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట ఆయనకు కొత్త కాదనిపించింది.

మూసలు రాసే తమ్ముళ్లారా, వెడల్పు శాతాల్లో ఇవ్వండి. పేరు గడిని ముందుకు తెండి. సేవ్ నొక్కేముందు ఇంట్లో ఉన్న అతి చవక ఫోన్‌లో ఓసారి చూడండి.