రెండు చుట్లు

పత్తికట్టె పీకేశాక మా పల్నాడు నల్లరేగడిలో మిగిలే మోళ్ళకు రోటావేటరే దిక్కు. మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన, సెకండ్ హ్యాండులో చవగ్గా వచ్చిందని ఆరడుగుల రోటావేటరు కొన్నాడు. ఇంట్లో ఉన్నదేమో పాత మహీంద్రా 275. ఇంజను 39 హెచ్‌పీ, రోటావేటరును తిప్పే పీటీవో షాఫ్టు దగ్గరికొచ్చేసరికి 33, 34కి మించదు. ఆరడుగులదాన్ని తిప్పాలంటే 45 అయినా ఉండాలంటారు. చేలో దింపగానే ఇంజను మూలిగేది, నల్లగా పొగ కక్కేది, చాలు సగంలో ఆగిపోయేది.

ట్రాక్టరును చిలకలూరిపేటలో తెలిసిన మెకానిక్ షెడ్డుకు తోలుకెళ్ళాడు.

"పంపు పెంచు మేస్త్రీ. రెండు చుట్లు తిప్పితే పది హెచ్‌పీ పెరుగుద్దంట."

డీజిల్ పంపుకు ఒక స్క్రూ ఉంటుంది. ఇంజనుకు ఎంత డీజిల్ అందాలో దానితో కట్టడి చేసి, ఎవరూ కదపకుండా కంపెనీ తీగ చుట్టి సీసంతో సీలు వేస్తుంది. ఆ సీలు కోసి స్క్రూ తిప్పడాన్నే పంపు పెంచడమంటారు.

"డీజిల్ పెంచుతా సరే, గాలెక్కణ్ణించి తేవాలి బాబాయ్? నీది టర్బో బండి కాదు. ఎక్కువైన డీజిల్‌లో కొంత కాలక నల్లపొగై పోద్ది, కాలిందేమో పిస్టన్ నెత్తిన మంటవుద్ది. పిస్టన్ అల్యూమినియం. గంటలకొద్దీ లోడు మీద తిప్పితే కరిగి బెజ్జం పడుద్ది. క్లచ్ ప్లేటు, గేరుబాక్సు కూడా ఆ 39కి చేసినయ్యే."

ఎయిర్ క్లీనర్ అడుగు గిన్నె విప్పి చూపించాడు. అందులో ఉండాల్సిన ఆయిలు నల్లటి అడుసైపోయింది, వేలు పెడితే గట్టిగా తగిలింది. "గాలి ఇక్కడే ఆగిపోతోంది. ఇది కడుగుదాం. నాజిల్స్ టెస్టింగ్ చేయిద్దాం. నీ బ్లేడ్లు చూడు, కొసలన్నీ అరిగిపోయినయ్. మట్టిని కొయ్యడం మానేసి గుద్దుతున్నయ్. ఉన్న బలమంతా దానికే పోతోంది."

"ఫిల్టరు కడుక్కోడానికి నీ దగ్గరికి రావాలా? నీ వల్ల కాకపోతే చెప్పు, గుంటూరు ఆటోనగర్ తోలుకుపోతా."

మెకానిక్ కాసేపు మాట్లాడలేదు. "సరే, సాయంత్రం రా" అన్నాడు.

పెదనాన్నను తప్పుపట్టలేను. 50 హెచ్‌పీ కొత్త ట్రాక్టరు లక్షలతో పని. గులాబీ పురుగు తినగా మిగిలిన పత్తితో అప్పులు తీర్చుకుంటున్నవాడు, ఉన్న బండికే ఇంకాస్త బలం తెమ్మనడం అత్యాశ కాదు.

సాయంత్రానికి ట్రాక్టరు సిద్ధం. రోటావేటరుకు 42 బ్లేడ్లూ కొత్తవి. లోతు రెండంగుళాలు తగ్గేలా పక్క స్కిడ్లు సర్ది, లో గేరులోనే తోలమని చెప్పాడు. బ్లేడ్లు కాక, పంపు పెంచినందుకు రెండు వేలన్నాడు. పెదనాన్న మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు.

మర్నాడు చేలో ఇంజను మూలగలేదు. మోళ్ళు పొట్టుపొట్టయ్యాయి. చాలు చివరిదాకా ఆగకుండా పోయింది. టీ బంకు దగ్గర కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడాయన: "రెండు చుట్లు తిప్పించా. పిస్టన్లు కరుగుతయ్యని భయపెట్టాడు గానీ ఏం కాలా. పైగా పొగ కూడా తగ్గింది!"

ఆ మాట పక్క మండలంలో ఉన్న తోడల్లుడి దాకా పోయింది. ఆయనదీ 275, ఆయనదీ ఆరడుగుల రోటావేటరే. "ఏ స్క్రూ అన్నయ్యా?" అని ఫోను చేసి అడిగాడు. ఈయన తనకు తెలిసినంతా చెప్పాడు. సీలు కొయ్యి, లాక్‌నట్టు వదులు చెయ్యి, రెండు చుట్లు తిప్పు. మెకానిక్కు రెండు వేలు దండగెందుకని ఆయన ఇంటి దగ్గరే స్పానరు పట్టుకుని తిప్పేశాడు. బండికి ఊపొచ్చిన మాట నిజమే. పొగ మాత్రం చేను కనపడనంత నల్లగా వచ్చింది. బలం పెరిగితే పొగ రాదా అనుకున్నాడు. రెండోరోజు మధ్యాహ్నం, నడిచేలో, ఇంజను ఒక్కసారి ఠకామని ఆగిపోయింది.

పెదనాన్న తన ట్రాక్టరుకు గొలుసు కట్టి దాన్ని చిలకలూరిపేట లాక్కొచ్చాడు. మెకానిక్ హెడ్డు విప్పాడు. నడిమి పిస్టన్ నెత్తి మీద వేలు దూరేంత బెజ్జం. పంపు వైపు చూశాడు.

"ఈ సీలు కోసిందెవరు?"

"నేనే. మా అన్నయ్య బండికి నువ్వు తిప్పినన్నే తిప్పా, రెండు చుట్లు. ఆయనదానికి ఏం కాలేదు, నాదానికే ఎందుకయింది?"

మెకానిక్ లేచి, బయటున్న పెదనాన్న ట్రాక్టరు దగ్గరికెళ్ళి, పంపు మీద పేరుకున్న గ్రీజు, మట్టి వేస్టుగుడ్డతో తుడిచాడు. తీగ తెగలేదు. కంపెనీ వేసిన సీసం బిళ్ళ అలాగే ఉంది.

"నీ పంపు నేను ముట్టుకోలేదు బాబాయ్" అన్నాడు. "ఫిల్టరు కడిగానంటే డబ్బులివ్వవని, పంపు పెంచానని చెప్పా."