నాలుగో ఆకు మీద భారం వేసి

అదృష్టాన్ని గడ్డిలో వెతుక్కోవాలని లోకానికి నేర్పింది ఐర్లండేనని గట్టి ప్రచారం. క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్కకు మామూలుగా మూడాకులు. ఎక్కడైనా నాలుగు కనబడితే కోసి పుస్తకంలో దాచుకోవాలట, ఆపైన ఉద్యోగం, లాటరీ, పెళ్ళిసంబంధం వరసకట్టి వస్తాయట. మూడాకులు విశ్వాసం, ఆశ, ప్రేమ, నాలుగోది అదృష్టం. మొదటి మూడూ గడ్డిలా దొరుకుతాయి, నాలుగోదానికే కరువు. ఈ పంపకం చేసినవాళ్ళెవరో గానీ లోకం తీరు బాగా తెలిసినవాళ్ళు. చిక్కల్లా ఏమిటంటే, ఐర్లండ్ తన గుర్తుగా పెట్టుకున్న షామ్‌రాక్‌కు ఉన్నవి మూడాకులే. సెయింట్ పాట్రిక్ వాటిని చూపించి తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కటేనని బోధించాడంటారు. ఆయన 5వ శతాబ్దపు మనిషి. ఈ కథ అచ్చులో కనబడేది 1726లో, కేలబ్ త్రెల్‌కెల్డ్ రాసిన ఐర్లండ్ మొక్కల పుస్తకంలో. పాట్రిక్ తన గురించి తానే రాసుకున్న ‘కన్ఫెషియో’లో ఆకు ఊసే లేదు. ఆయన చేతికి నాలుగాకులది దొరికి ఉంటే పాఠం అక్కడికక్కడే ఆగిపోయేది. పోనీ ఆ షామ్‌రాక్ ఏ మొక్కో అయినా తేలిందా? 1890ల్లో నథానియల్ కోల్గన్ అనే పరిశీలకుడు అసలైనది పంపండని దేశం నలుమూలలా అడిగి, వచ్చినవాటిని పెంచి చూస్తే రకరకాల మొక్కలు బయటపడ్డాయి. 1988లో చార్లెస్ నెల్సన్ మళ్ళీ అడిగితే మళ్ళీ అదే తంతు. ఈసారి కొన్ని పొట్లాల్లో మన పెరళ్ళలో మొలిచే పులిచింతకు దాయాది కూడా వచ్చింది.

ఇక నాలుగో ఆకు. దాని మహిమ గురించి ఇంగ్లీషులో దొరికే తొలి దాఖలాల్లో ఒకటి 1620 నాటి లండన్ పుస్తకం. రాసినవాడు జాన్ మెల్టన్. జ్యోతిష్కుల్ని దుమ్మెత్తిపోస్తూ వెర్రి నమ్మకాల చిట్టా ఒకటి కూర్చి, అందులో దీన్నీ ఎక్కించాడు. అంటే ఎగతాళి దీని జాతకంలోనే ఉంది, నేను కొత్తగా చేస్తున్నదేమీ లేదు. ఐర్లండ్ పల్లెల్లో మాత్రం ఈ ఆకు గురించి చెప్పుకున్న కథ వేరు. సంతలో గారడీవాడొకడు కోడిపుంజు చేత పెద్ద దూలం మోయిస్తుంటాడు. జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుంటారు. గడ్డిమోపుతో అటుగా పోతున్న మనిషి ఒకడు ఆగి, “దూలమెక్కడిదయ్యా, అది గడ్డిపరక గదా!” అంటాడు. వాడి మోపులో వాడికే తెలియకుండా ఒక నాలుగాకుల రెమ్మ ఉంది. సంగతి పసిగట్టిన గారడీవాడు మెల్లగా వచ్చి ఆ మోపు కాస్తా కొనేస్తాడు. మోపు చేయి మారిందో లేదో, అమ్మినవాడి కంటికీ దూలమే కనబడుతుంది. ఈ కథ జర్మనీలోనూ ఉంది, గ్రిమ్ సోదరులు సేకరించారు. అక్కడ మోసాన్ని కనిపెట్టేది ఒక అమ్మాయి. గమనించండి, ఈ కథలో ఆకు ఎవరికీ కాసు సంపాదించి పెట్టలేదు. కళ్ళెదుట జరిగే మోసాన్ని చూపించింది, అంతే. మూఢులని మనం చులకన చేసే ఆ పల్లెజనం కనికట్టుకు విరుగుడుగా ఊహించుకున్న ఆకును, చదువుకున్న మనం తాళంచెవుల గొలుసుకు తగిలించి కనికట్టుగా మార్చాం. ఇవాళ కోడి మోస్తున్న దూలం ఆ ఆకే.

“అరుదు గదండీ, అందుకే విలువ” అంటారు. యూరప్‌లో కొందరు ఓపిగ్గా 50 లక్షలకు పైగా క్లోవర్లు లెక్కపెడితే దాదాపు ఐదువేలకు ఒకటి నాలుగాకులదిగా తేలింది. పచ్చిక ఒత్తుగా ఉంటే ఐదువేలకు మంచం పట్టేంత జాగా చాలు. పైగా ఈ లక్షణం వెనక జన్యువు హస్తం ఉంది. ఒకటి దొరికిన మొక్కకే ఇంకొన్ని దొరికే అవకాశం ఎక్కువ. అరుదుతనమే అదృష్టమైతే 2009లో జపాన్‌లో నమోదైన 56 ఆకుల క్లోవర్ ముందు ఈ నాలుగాకులది ఏ మూలకు? పెన్సిల్వేనియాలో ఒకాయన 72,927 నాలుగాకుల క్లోవర్లు ఏరి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. ఏరింది జైలు ఆవరణలో, ఖైదీగా. అన్ని ఆకులు ఏరేంత తీరిక చిక్కడమే ఆయనకు పట్టిన అదృష్టం కాబోలు. జర్మనీలో కొత్త సంవత్సరానికి కుండీల్లో పెట్టి ఇచ్చుకునే ‘అదృష్టపు క్లోవర్’ అయితే అసలు క్లోవరే కాదు. మెక్సికో నుంచి వచ్చిన పులిచింత జాతి, దానికి పుట్టుకతోనే నాలుగేసి ఆకులు. మన వరిమళ్ళలోనూ నాలుగేసి రేకుల ఆకులతో నీటి ఫెర్న్ ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కన కలుపు తీసే ఆడవాళ్ళు ఏటా గంపలకొద్దీ అదృష్టాన్ని పీకి గట్టున పారేస్తున్నారు.

“సరదాకి దాచుకుంటే మీ సొమ్మేం పోయింది?” అనేవాళ్ళూ ఉన్నారు. పచ్చికలో ఆడుకునే పిల్లకు దొరికితే నాకూ సంతోషమే. నాకు మింగుడుపడనిది ‘ఐర్లండ్ అదృష్టం’ అన్న ముద్ర. 16వ శతాబ్దం చివర ఐర్లండ్‌లోని మన్‌స్టర్ కరువు గురించి రాస్తూ ఎడ్మండ్ స్పెన్సర్ అనే ఇంగ్లీషు కవి, బక్కచిక్కిన జనం షామ్‌రాక్ మొలిచిన చోటికి విందుకు వచ్చినట్టు ఎగబడ్డారని చెప్పాడు. వాళ్ళు ఆకులు లెక్కపెట్టలేదు, తిన్నారు. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకాక వచ్చిన మహాకరువులో సుమారు 10 లక్షల మంది పోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కారు. ఆ దేశాన్ని పట్టుకుని అదృష్టానికి పుట్టిల్లనడానికి నోరెలా వస్తుందో! సంప్రదాయాన్ని గౌరవించమంటారా, సరే, ఆ కోడిపుంజు కథను గౌరవిద్దాం. ఐర్లండ్ ప్రభుత్వానికైతే ఈ విషయంలో ఏ భ్రమా లేదు. షామ్‌రాక్ గుర్తు మీద హక్కు కోసం 1980ల్లో జర్మనీలో దావా నడిపి కింది కోర్టుల్లో ఓడిపోయినప్పుడు, పచ్చికలో నాలుగో ఆకు కోసం ఎవర్నీ పంపలేదు. అప్పీలు వేసింది, 1985లో పైకోర్టులో గెలిచింది.