చేతిలో చిల్లర, ఊరినిండా చుట్టాలు

సంక్రాంతి బడ్జెట్టులో కానుకలది ఎప్పుడూ చివరి పద్దు. ముందు ప్రయాణం. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. అటు రైలు ఇంకా రాలేదు. రాజమండ్రి దాకా రైల్లో వెళ్దామంటే రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచారని మనకు తెలిసేలోపు సీట్లు అయిపోతాయి. ఇక మిగిలింది ప్రైవేటు బస్సు. భోగి ముందు రోజు వాళ్లు చెప్పే టిక్కెట్టు ధర వింటే, ఈ డబ్బుకి రెక్కలుండే బండే ఎక్కొచ్చు కదా అనిపిస్తుంది. కూకట్‌పల్లిలో బస్సెక్కేసరికే మా పండగ సగం ఖర్చయిపోయి ఉంటుంది. పిల్లల బట్టలు, వాచ్‌మన్ మామూలు, పాలబ్బాయి మామూలు పోగా మిగిలిన చిల్లరతో అమ్మకీ నాన్నకీ, అన్నయ్యకీ వదినకీ, వాళ్ల పిల్లలకీ, మామ్మకీ, బాబాయికీ పిన్నికీ ‘హైదరాబాదు నుంచి ఏమన్నా’ పట్టుకెళ్లాలి.

మావారు దీనికి ఎప్పుడో శాశ్వత పరిష్కారం కనిపెట్టేశారు. బిస్కెట్లు. 1953లో మొజంజాహీ మార్కెట్టు దగ్గర కరాచీ బేకరీ వెలిసింది ఆంధ్రా అల్లుళ్ల పరువు కాపాడ్డానికేనని ఆయన గట్టి నమ్మకం. మంచి బిస్కెట్లే, నేనేమీ అనను. కానీ మా ఊళ్లో ఏ ఇంటికి చూసినా హైదరాబాదులో ఒక కొడుకో కూతురో ఉన్నారు, వాళ్లందరికీ ఆయనకొచ్చిన ఆలోచనే వచ్చింది. పండగ మూడు రోజులూ ఏ గుమ్మం తొక్కినా పళ్లెంలో అవే ఫ్రూట్ బిస్కెట్లు. మా డబ్బా ఎదురింటికి వెళ్తుంది, ఎదురింటి డబ్బా మా ఇంటికి వస్తుంది. కనుమ నాటికి ఎవరి డబ్బా ఎవరి దగ్గరుందో తేల్చాలంటే పంచాయితీ పెట్టాలి.

అయినా తిరగడంలో జాకెట్టు ముక్కను కొట్టేది లేదు. పేరంటంలో పండూ తాంబూలంతో ఇచ్చే ఆ గుడ్డముక్క కుట్టించుకోడానికి పుట్టింది కాదు, ఊరు చూడ్డానికి పుట్టింది. మా అమ్మ బీరువాలో వాటికంటూ ఒక అర ఉంది. ఏ ముక్క ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆవిడకు కంఠతా. ఎందుకంటే, ఇచ్చినావిడ చేతికే తిరిగి ఇవ్వడం ఒక్కటే ఈ వ్యవహారంలో నేరం, మిగతావన్నీ ఆచారం. స్టీలు గిన్నెలకు ఈ స్వేచ్ఛ లేదు. కొన్న కొట్లోనే వాటి మీద పేరు కొట్టిస్తారు, ఫలానావారి గృహప్రవేశ సందర్భంగా ఫలానావారి కానుక అని, తేదీతో సహా. అది అభిమానం కొద్దీ చేసే పని అనుకుంటారు చాలామంది. కాదు. ఆ గిన్నె ఇంకో గృహప్రవేశానికి బయల్దేరకుండా కాలికి వేసిన సంకెల అది.

మనవాళ్లకు కానుక అంటే మైకులో చదివించాల్సిన విషయం. పెళ్లి పందిట్లో ఒకాయన నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటాడు, పెళ్లికూతురి మేనమామగారు ఐదు వందల పదహార్లు చదివించారోచ్ అని ఊరంతటికీ వినిపిస్తాడు. పక్కన నూట పదహార్ల కవరు పట్టుకున్నవాళ్లు ఆ క్షణంలో చెప్పుల కోసం వెతుక్కుంటారు. ఈ పదహార్లకు ఒక కథ చెబుతారు. నిజాం రాజ్యంలో నడిచిన హాలీ సిక్కా రూపాయలు ఏడు ఇస్తే ఇంగ్లీషువాళ్ల రూపాయలు ఆరు వచ్చేవి. ఆ లెక్కన వాళ్ల వంద, ఇక్కడి నూట పదహారు రూపాయల చిల్లర. అందుకే పెద్దమనుషులు వందకు తగ్గకుండా ముట్టాలని నూట పదహార్లు ఇచ్చేవారట. లెక్కేమో ఇంచుమించు కుదిరింది. కానీ మా కోనసీమ నిజాం చేతిలోంచి ఎప్పుడో 18వ శతాబ్దంలోనే జారిపోయింది కదా, మా తాతలకు ఆ మారకం రేటుతో పనేమిటో నాకు అర్థం కాదు. ఇవ్వడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు, అంతే అయ్యుంటుంది.

ఆ నోటుబుక్కు పెళ్లయ్యాక పారేసేది కాదు. చదివించినవాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసి, పేజీ చూసి, అంతకు పైసా తగ్గకుండా తిరిగి ఇస్తారు. మార్సెల్ మాస్ అనే ఫ్రెంచి పండితుడు 1925లో కానుకల మీద పెద్ద వ్యాసం రాశాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ మనిషి మెడకు చుట్టుకున్న బాధ్యతలేనని తేల్చడానికి పసిఫిక్ దీవులవాళ్ల సంగతులన్నీ తవ్వాడు. మా అమ్మ నోటుబుక్కు ఆయనకు దొరికి ఉంటే అంత దూరం పోనక్కర్లేకపోయేది.

తక్కువ ఖర్చు కానుక అనగానే అందరూ కుచేలుణ్ని తలుచుకుంటారు. నాకు ఆయన భార్య గుర్తొస్తుంది. భాగవతంలో ఆ ఇల్లాలు ఇరుగుపొరుగు ఇళ్లలో అడిగి నాలుగు పిడికెళ్ల అటుకులు తెచ్చి, గుడ్డలో మూటకట్టి మొగుడి చేతిలో పెట్టింది. ఆయన ద్వారక వైభవం చూసి బిత్తరపోయి, మూట ఇవ్వడానికి సిగ్గుపడి దాచుకున్నాడు. కృష్ణుడే లాక్కుని తిన్నాడు. అడిగి తెచ్చింది ఆవిడ, మూట కట్టింది ఆవిడ, పేరు ఆయనది. వ్యాసుడు ఆవిడకు పేరన్నా పెట్టలేదు. మా ఇంట్లోనూ ఇదే పద్ధతి. కొట్లు తిరిగేది నేను, సంచి సర్దేది నేను. గుమ్మంలో అడుగు పెట్టగానే “అల్లుడుగారు ఎన్ని తెచ్చారో చూడండి” అంటారు. ఆయన కూడా, చూపిస్తే చూడాలని ఎదురుచూస్తారు.

పుచ్చుకోవడంలో అంత గొప్పవాడైన కృష్ణుడు ఇవ్వడానికి వచ్చేసరికి దొరికిపోయాడు. నంది తిమ్మన పారిజాతాపహరణం నడిచిందంతా ఒక పువ్వు మీద. నారదుడు ఊరికే తెచ్చిచ్చిన పువ్వు, పైసా ఖర్చు లేదు. ఎదురుగా ఉంది కదా అని రుక్మిణికి ఇచ్చాడు. ఆ కబురు సత్యభామకు చేరింది. ఆ తర్వాత అలకలు, కాళ్లబేరం, తలమీద ఎడమకాలి తాపు, ఇంద్రుడితో యుద్ధం. చెట్టుకు చెట్టే పెకలించి పెరట్లో నాటితే గాని ఆ ఇల్లు కుదుటపడలేదు. ఇద్దరు కోడళ్లున్న ఇంటికి ఒకే చీర పట్టుకెళ్దామనుకునే వాళ్లు ముందు ఆ కావ్యం చదువుకోవాలి.

నేను చెప్పేదేమిటంటే, డబ్బున్నవాళ్లు పండక్కి ముందు రోజు కొట్టుకెళ్తే చాలు. లేనివాళ్లు ఏడాది పొడుగునా చెవులు రిక్కించుకుని ఉండాలి. చుట్టాలు ఎవరూ ఫలానాది కావాలని అడగరు. కానీ ఫోన్లో వేరే ఏదో చెబుతూ మధ్యలో జారవిడుస్తారు. దసరాలప్పుడు మా వదిన పిల్లాడి మార్కుల గురించి చెబుతూ, “ఉండు వదినా, పప్పు చూసొస్తా, ఈ కుక్కరు ఆవిరంతా పక్కల్నుంచే పోతోంది, కూత వెయ్యడం మానేసి ఎన్నాళ్లయిందో” అంది. అది ఆవిడ పెళ్లికి పెట్టిన కుక్కరు. ఆ సైజు రబ్బరు అమలాపురంలో దొరకడం లేదు. కొత్త కుక్కరు కొందామంటే మా అన్నయ్య ‘ఇది బానే ఉందిగా’ అంటాడు. పప్పు ఉడికేవరకూ నిలబడేది ఆయన కాదు కదా.

బేగంబజారులో పాత సామాన్ల విడిభాగాలమ్మే కొట్టుంది. అక్కడ మేకుకు వేలాడుతున్న రబ్బర్ల గుత్తిలో వదిన కుక్కరుది దొరికింది. దాంతోపాటు మూతమీద పెట్టే విజిలు కూడా కొన్నాను. మావారికి మొహం మాడిపోయింది.

“పండక్కి పుట్టింటికి కుక్కరు రబ్బరు పట్టుకెళ్తావా? మనుషులు ఏమనుకుంటారు?”

“పప్పు ఉడికిందనుకుంటారండీ.”

భోగి మంట దగ్గర ఊరంతా చలి కాచుకుంటుంటే మా వదిన మాత్రం వంటింట్లో నిలబడి కూతలు లెక్కపెట్టుకుంది. మొదటి కూతకు మా మామ్మ “ఏ బండే అది?” అని అడిగింది. మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, ఆడపడుచు రబ్బరు తెచ్చిందని బయట అనకండే, నవ్వుతారు అని బతిమాలుకుంది. సాయంత్రానికి వదినే వీధంతా టముకేసి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ మిక్సీ జారు పట్టుకొచ్చి, కింద పళ్లు అరిగిపోయిన ముక్క చూపించి, “మళ్లీ వచ్చేటప్పుడు ఇది దొరుకుద్దేమో చూడమ్మా” అంది. ఇప్పుడు పండగ నెల పెట్టకముందే నాకు ఆర్డర్లు వస్తున్నాయి.

మామ్మ సంగతి వేరు. ఆవిడకు బొత్తాల ఫోను ఉంది, చూపు ఆనదు. ఎవరితో మాట్లాడాలన్నా పిల్లల్ని బతిమాలుకోవాలి, వాళ్లు లంచం అడుగుతారు. ఆవిడకు రూళ్లు లేని పెద్ద నోటుపుస్తకం ఒకటి కొని, పేజీకి ఒక్క నంబరు చొప్పున స్కెచ్ పెన్నుతో బెత్తెడంత అంకెలు రాశాను. పేరు బదులు మా అమ్మాయి బొమ్మలు వేసింది. బట్టతల ఉంటే మా తమ్ముడు, సూది ఉంటే డాక్టరుగారు, మీసాలుంటే బాబాయి. మామ్మ ఆ పుస్తకాన్ని పంచాంగం పక్కన పెట్టుకుంది. ఆవిడ నాలుగింటికే లేస్తుంది, లేచాక ఏం తోస్తుంది? మా బంధువులందరి క్షేమ సమాచారాలూ ఇప్పుడు తెల్లవారకముందే విచారించబడుతున్నాయి. ఆ పుస్తకం ఎవరిచ్చారని మా తమ్ముడు ఇప్పటికీ ఆరా తీస్తూనే ఉన్నాడు.

పిన్నికి నవల. పెళ్లికాక ముందు తన దగ్గరున్న యద్దనపూడి ‘సెక్రటరీ’ని ఎవరో చదివిస్తామని పట్టుకెళ్లి ఎగ్గొట్టారని ఆవిడ చెప్పని పండగ లేదు. కొత్త ప్రతి కొనొచ్చు, కానీ ఆవిడ ఏడుపు పాత అట్టబొమ్మ కోసం. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పోసి అమ్ముతారు. ఇంజనీరింగు గైడ్ల కింద అది దొరికింది. కొని, కాగితం చుట్టి ఇచ్చాను. పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. బాబాయి పుస్తకం తిరగేసి, లోపలి పేజీ దగ్గర ఆగిపోయాడు. వెనకటి సొంతదారు ఎవరో నీలం సిరాతో రాసుకున్నారు, ‘జయంతికి, ప్రేమతో, నీ రాజశేఖరం’ అని.

“ఎవరీ రాజశేఖరం?” అన్నాడు బాబాయి.

“హీరో అండీ!” అంది పిన్ని.

“ఎవరికి హీరో?”

నవల తెలిసిన ఆడవాళ్లం నలుగురం నోట్లో కొంగు కుక్కుకున్నాం. జయంతి, రాజశేఖరం కథలో మనుషులేనని బాబాయికి నచ్చజెప్పేసరికి అరిసెలు చల్లారిపోయాయి. ఇందులో లాభం ఏమిటంటే, నిజమో కాదో తేల్చుకుందామని ఆయన ఆ నవల మొత్తం చదివేశాడు.

పిల్లల దగ్గర మాత్రం ఈ తెలివితేటలు చెల్లవు. గుల్జార్ హౌజ్ దగ్గర కొన్న గాలిపటాలు, నూలు దారం ఇస్తే చాలు. మా కోనసీమ కొబ్బరిచెట్ల మధ్య గాలిపటానికి ఆయుష్షు పావుగంట, అందుకని ఎక్కువ కొనాలి.

ఈ విద్యలో కూకట్‌పల్లిలో మా పక్కింటావిడ నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. వాళ్లది కరీంనగర్ వైపు. సంక్రాంతి నోములకు వాళ్లు పసుపు కుంకుమలతో పాటు చిన్న చిన్న ఇంటి సామాన్లు పంచుతారు. నాకు టీ వడకట్టే జాలి ఇచ్చింది. “మొన్న మీ ఇంట్ల చాయ్ తాగినప్పుడు సూసిన అక్కా, మీ జాలికి బొక్క వడ్డది” అంది. పూజలు, వాయనాలు అన్నీ అయ్యాక కూడా నాకు గుర్తుండిపోయిన మాట అదే.

ఆదాయపు పన్నువాళ్లు కూడా ఈ విషయంలో దయగలవాళ్లే. దగ్గరి బంధువుల కానుకలకు పన్ను లేదు. పరాయివాళ్లు ఇచ్చినవి ఏడాదిలో 50,000 రూపాయలు దాటితేనే లెక్క అడుగుతారు. కుక్కరు రబ్బర్లతో ఆ గీత దాటాలంటే మా వంశంలో నాలుగు తరాలవాళ్లు వరసగా వంట చెయ్యాలి.

తిరుగు ప్రయాణం ఊసెత్తకపోతే అన్యాయమవుతుంది. మేం పట్టుకెళ్లినదంతా చేతిసంచిలో పట్టింది. వచ్చేటప్పుడు బియ్యం మూట, కొబ్బరికాయలు, అరిసెల డబ్బా, జంతికల డబ్బా, నెయ్యి సీసా, ఆవకాయ జాడీ. బస్సు క్లీనరు డిక్కీ ముందు నిలబడి లగేజీ చార్జీ అడుగుతాడు. మావారు గొణుక్కుంటూ కడతారు. ఈ లెక్క మాత్రం మా అమ్మ నోటుబుక్కులో ఏ పేజీలోనూ ఉండదు.

ఈ పండక్కి మా ఇంటికి ఎవరన్నా వచ్చే ఉద్దేశంలో ఉంటే, మీరు అడగరు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. మాకు గోడ గడియారాలు గోడల కంటే ఎక్కువున్నాయి. ఫ్లవర్‌వేజులు ఉన్నాయి, పువ్వులే లేవు. బూడిద గుమ్మడికాయ వడియాలు అయిపోయాయి.