ఐదు షీట్లు

నా పుట్టిల్లు కేరళలోని ఆలప్పుళ. కరుణాకరన్ గారి వాగీశ్వరి కెమెరాల్లో ఒకదాన్ని. ఒళ్లు టేకు, కీళ్లు ఇత్తడి. షట్టర్ లేదు. లెన్సు మూత తీసి, అంకెలు లెక్కబెట్టి, మళ్లీ పెట్టడమే. నంద్యాల స్టూడియోలో పెద్దాయన నల్లగుడ్డలో తలదూర్చి నాతో తీసిన గాజుపలకలు అటకమీద ఇప్పటికీ ఉన్నాయి. ప్రింటు వేస్తే ఈ రోజుకీ మొహాలు తేటగా వస్తాయి.

2019 వేసవిలో ఆయన మనవడు బెంగళూరు నుంచి వచ్చి నన్ను దులిపాడు. చేతిలో అట్టపెట్టె: నాలుగు బై ఐదంగుళాల ఇన్‌స్టంట్ ఫిల్ము, ఐదు షీట్లు. గడువు తీరి పదేళ్లు. ఒక్కో షీటు వెయ్యికి పైనేనట. నన్ను కొన్ననాడు పెద్దాయన అంత ఇచ్చి ఉండడు! మరి సరుకేదీ? పోలరాయిడ్ 2008లో చేతులెత్తేసింది. పొర ఒలిచే ఫిల్మును ఫ్యూజీ కూడా 2016లో చాలించింది. ఆ తర్వాత ఎక్కువగా జనం ఫ్రిజ్జుల్లో దాచుకున్నవే చేతులు మారుతున్నాయి.

ఆ ఫిల్ము హోల్డరు నా వెనక పట్టదు. వడ్రంగి చేత ఒక పలక చేయించి బిగించి, నన్ను ఆళ్లగడ్డకు మోసుకుపోయాడు, ఒక శిల్పి పాకలోకి. సగం చెక్కిన నరసింహస్వామి ఎదురుగా నిలబెట్టాడు.

మొదటి షీటు మసక. తప్పు ఫిల్ముది కాదు, పలకది. నా గాజుతెర ఉన్న లోతులోనే ఫిల్మూ ఉండాలి, చిన్న తేడా వచ్చినా ఫోకస్ తప్పుతుంది. అట్టముక్క పెట్టి సరిచేశాడు. రెండోది లాగితే రోలర్ల మధ్య పగలాల్సిన రసాయనం తిత్తి సగం ఎండిపోయి ఉంది. కింది మూలదాకా పారలేదు.

"ఏంది అబ్బీ, సామికి కాళ్లే రాలేదే!" అన్నాడు శిల్పి.

మూడోదాన్నిండా వరసగా తెల్లచుక్కలు. రోలర్లకు రాతిదుమ్ము అంటుకుంది. ఆ పాకలో అది అంటనిదెక్కడ? రోలర్లు తుడిచి, మూత తీసి ఒకటి, రెండు అనుకున్నాడు. ఎండకు రసాయనం తొందరపడుతుంది కాబట్టి కాస్త ముందే ఒలిచాడు. వచ్చింది. జూలు, కోర, ఉలి దెబ్బలతో సహా.

శిల్పి దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎడమ కనురెప్ప బరువైందని అప్పుడే సుద్దతో గీత పెట్టుకున్నాడు. నా గాజుపలకైతే నంద్యాల చేరి, కడిగి, ఆరితే గాని ఈ మాట తెలిసేది కాదు. ఒప్పుకోవాల్సిందే, కొంచెం కుళ్లుగానే.

"ఇంకోటి ఇయ్యి అబ్బీ, మా పెద్దోనికి పంపుదాం."

మనవడు నీళ్లు నమిలాడు. దీనికి మళ్లీ ప్రింటు వేసుకునే నెగటివ్ మిగలదు. అలాంటి నెగటివ్ కూడా ఇచ్చే టైప్ 55 అని పోలరాయిడ్‌లో ఒకటి ఉండేది, అదీ పోయింది. చివరికి ఫోనుతో ఆ ఫొటోకే ఫొటో తీసి పంపాడు.

ఐదో షీటు నంద్యాలలో ఫ్రిజ్జులో, ఆవకాయ జాడీ పక్కన ఉంది. దేనికి దాచాడో నాకు చెప్పలేదు.