చాటున ఆరిన బ్రతుకు

నా పేరెత్తుటకు సిగ్గుపడని ఇల్లాలును, నేను లేక నాలుగడుగులు సుఖముగా పరుగెత్తగల పడతియు ఈ సికింద్రాబాదులో అరుదు. నేను స్పోర్ట్స్ బ్రాను. తిరుప్పూరులో పుట్టి జనరల్ బజారు చేరిన నా ప్రయాణమున విశేషమేమియు లేదు గాని, వంశము మాత్రము చెప్పుకొనదగినది. 1977లో అమెరికాయందలి వెర్మాంటులో, పరుగెత్తునపుడు కలుగు బాధకు విసిగిన లీసా లిండాల్ అను నామె, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అను వారి తోడ్పాటుతో, ఆటగాండ్రు ధరించు లంగోటుల వంటివి రెండింటిని జోడించి కుట్టించగా మా మూలపురుషుడు (మూలస్త్రీ యనవలెనేమో) అవతరించెను.

1999లో ఆడిన తొలి వన్డేలోనే అజేయముగా 114 పరుగులు చేసిన మిథాలీ రాజ్ ఆట నేర్చిన ఊరికి వచ్చితినని నేను పొంగిపోతిని. ఆ పొంగు ఎంతోసేపు నిలువలేదు. కౌంటరు వెనుకనున్న కుర్రవాడు నలుగురిలో "ఎంత సైజు మేడమ్?" అని బిగ్గరగా అడుగగా, నా యజమానురాలు "ముప్పై ఆరు" అని గొణిగి, రంగు మాత్రము చూచి, నల్ల కవరులో నన్ను చుట్టించుకొని పరుగువంటి నడకతో బయటపడెను.

స్తనములలో వానిని నిలుపు కండరము లేదు. చర్మమును, కూపర్ అను వైద్యుని పేర పిలువబడు సన్నని తంతువులును మాత్రమే ఆ బరువు మోయుచుండగా, పరుగున అవి మీదికి క్రిందికే గాక ప్రక్కలకును కదలును. ఆ కదలికను పట్టవలసినది భుజముల పట్టీలు కావు, రొమ్ము క్రింది పట్టీ. చేతులు రెండును పైకెత్తినపుడు అది మీదికి జరుగరాదు. దాని క్రింద రెండు వ్రేళ్ళు దూరవలెను, అంతకు మించరాదు. ఉన్నచోటనే నాలుగు గంతులు వేసి చూడవలెను. పలుచని దేహమునకు నావలె అదిమిపట్టునది చాలును గాని, నిండైన దేహమునకు రెండింటిని విడివిడిగా నిలుపు గిన్నెలు గలది కావలయును. నా యజమానురాలికి కావలసినది అదియే. గంతు మాట అటుండనిండు, ఆమె నన్ను విప్పియైనను చూడలేదు! పరేడ్ గ్రౌండ్స్ చుట్టును పరుగెత్తి వచ్చి, భుజములపై ఎర్రని చారలు చూచుకొని, "దిక్కుమాలినది" అని నన్నే తిట్టెను.

తిట్టు సహింపవచ్చును, ఉతుకు సహింపరానిది. నాలోని సాగుడు దారమునకు వేడి శత్రువని లోపల కుట్టిన చీటీ మొరపెట్టుచున్నను, వేన్నీళ్ళలో నానవేసి, జీన్సు ప్యాంట్లతో గలిపి మెషీనులో త్రిప్పి, పిప్పియగునట్లు పిండుచుండిరి. ఆపైన బాల్కనీలో దండెమున వేయబోగా అత్తగారు, "మీ మామగారు తిరిగేచోట అవేమిటమ్మా?" అనిరి. నాటినుండి తడి తువాలు క్రిందనే నా నివాసము. మండుటెండకు నేనును వెరతును. కాని గాలియాడు నీడ వేరు, ముక్కిపోవు చాటు వేరు. మామగారి బనియను మాత్రము, చిల్లులతో సహా, వీధికి ఎదురుగా నిర్భయముగా రెపరెపలాడుచుండెడిది.

క్రమముగా పట్టీ సాగెను, పట్టు పోయెను. అయినను నా యజమానురాలు పారవేయక, సాగిన నన్నే మరికొంతకాలము తొడిగి, నొప్పియని పరుగు మానుకొనెను. ఇప్పుడు నేను సీలింగు ఫ్యాను రెక్కలు తుడుచు గుడ్డను. విచిత్రమేమనగా, ఈ ఉద్యోగమునకు వచ్చిన పిదప నన్ను ఉతికి బాల్కనీలో బాహాటముగానే ఆరవేయుచున్నారు. ఆమె మరల బజారునకు పోవునని వినికిడి. ఈసారియైనను చేతులెత్తి చూచునో, నల్ల కవరే చాలుననునో!