డొంకతిరుగుడు బావగారు

మా బావగారిని టైమెంతయిందని అడిగితే "తొమ్మిదీ రామప్రియ" అంటారు. మేళకర్త రాగాల పేర్లకి కటపయాది లెక్క ఒకటుంది. మొదటి రెండక్షరాలకీ అంకెలు వేసి తిరగేస్తే రాగం నంబరు వస్తుంది. ర అంటే 2, మ అంటే 5, తిరగేస్తే 52. అంటే తొమ్మిదీ యాభై రెండన్నమాట. మనం వేళ్ళు మడిచి ఆ సంగతి తేల్చుకునేసరికి యాభై నాలుగవుతుంది. "ఇప్పుడు విశ్వంభరి" అంటారాయన, మన బస్సు వెళ్ళిపోయిన ఆనందం ఏమాత్రం దాచుకోకుండా.

బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు ఉన్నది ఉన్నట్టు రాసీ రాసీ విసుగెత్తిన మనిషి. రిటైరైన మర్నాటి నుంచీ ఏదీ ఉన్నది ఉన్నట్టు చెప్పనని ఒట్టు పెట్టుకున్నారు. ఇలాంటివారు సంగీత సాహిత్యాల వాట్సాప్ గ్రూపు ప్రతిదాంట్లోనూ ఒకరుంటారు. ఇద్దరుంటే ఆ గ్రూపు చీలిపోతుంది.

మా గ్రూపు తణుకు నుంచి డాలస్ దాకా ఉంది. పొద్దున్న అయిదున్నరకల్లా అందులో బావగారి చిక్కుప్రశ్న పడుతుంది. "లీపు సంవత్సరం ఫిబ్రవరి ఆఖరి రోజున ధైర్యంగా శివుడి మెడకి చుట్టుకున్నదెవరు?" తెలిసినవాళ్ళకి నల్లేరు మీద నడక. ఆ రోజు 29, ధైర్యం కలవాడు ధీరుడు, శివుడి మెడలో నగ. 29వ మేళకర్త ధీరశంకరాభరణం. మరో రోజు సాహిత్యం వంతు. "రాముడూ రాజూ నగా కలిసి ఎనిమిదో చక్రానికి చరిత్ర రాశారు." మేళకర్తల పన్నెండు చక్రాల్లో ఎనిమిదోది వసు చక్రం. రామరాజభూషణుడి వసుచరిత్ర! ఒకే పద్యంలో రామకథనీ భారతకథనీ ఇమిడ్చి రాఘవపాండవీయం రాసిన పింగళి సూరన ఈయనకి ఇలవేల్పు. "చూశావుటోయ్, మనిషన్నవాడు రెండు నాలుకలతో మాట్లాడాలి" అంటారు, ఆ మాటకి లోకంలో ఇంకో అర్థం ఉందన్న ధ్యాస లేకుండా.

ఈయనతో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, జవాబు వెంటనే రాకూడదు, అసలు రాకపోనూ కూడదు. అయిదూ ముప్ఫై రెండుకి డాలస్ ఆవిడ శంకరాభరణం అని కొట్టిందంటే ఆ పూట ఈయనకి ఇడ్లీ గొంతు దిగదు. (వాళ్ళకది సాయంత్రం. ఆవిడ కాచుకుని ఉంటుందని నా అనుమానం.) పన్నెండు దాకా ఎవరూ పలక్కపోతే "సిగ్నలుందా?" అని మా అక్కని పదిసార్లు అడుగుతారు. ఆయన లెక్కలో జవాబన్నది సాయంత్రం నాలుగింటికి, మూడు తప్పుల తర్వాత, కాపీ వేళకి రావాలి. కాపీ అంటే గుర్తొచ్చింది. "వంటింట్లో చిక్కన, పరీక్షలో దొంగ, కచేరీ ఆఖర్న తీపి" అన్నది ఆయన వేసిన వాటన్నింటిలోకీ మేలైనదని నా ఉద్దేశం. కాపీ రాగం అని నేను పళ్ళు తోముకుంటూ చెప్పేశాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

చక్రవాకం మీదొకసారి పెద్ద రభసే అయింది. చ అంటే 6. 'క్ర'లో రకారాన్ని పట్టుకుంటే 26 వస్తుంది, అది చారుకేశి కుర్చీ. కకారాన్ని పట్టుకుంటేనే 16. "జంటాక్షరంలో చివరి హల్లే లెక్క" అని ఒక మృదంగం మాస్టారు భీష్మించారు. పాపం చక్రవాకం రెండ్రోజులు కుర్చీ లేకుండా నిలబడే ఉంది.

ఇక పోయిన ధనుర్మాసం సంగతి. ఆ రోజు ప్రశ్న ఇది: "ఉమ్మడి కుటుంబంలోంచి కోడలు వెళ్ళిపోయింది. ఇక మిగిలిందేమిటి?" తోడికోడల్లోంచి కోడలు పోతే తోడి. అందమైన ప్రశ్నే. కానీ కళ్ళజోడు లేకుండా నొక్కారేమో, అది వెళ్ళి మా బంధువుల గ్రూపులో పడింది.

ఫోను నా చేతిలోనే ఉంది. నిమిషం తిరక్కుండా ఆయన కోడలు, పక్క గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్ల, "తోడి" అని రాసింది. నేను బొటనవేలు బొమ్మ పెట్టేలోపు ఆ రెండక్షరాలూ మాయమై, మెసేజ్ తీసేసినట్టు గుర్తు మాత్రం మిగిలింది. ఆ తర్వాత మొదలైంది వరద. "ఏమన్నార్రా ఆ పిల్లని?" "పెద్దమనుషుల్లో పెట్టండి." ఒక బాబాయి "మిగిలింది మనశ్శాంతి" అని రాసి, పిన్ని చూసేలోపు తీసేశాడు.

తప్పు గ్రూపులో పడిందని బావగారికి పది నిమిషాల్లోనే తెలిసిందిట. అయితే మాత్రం, ఇంతమంది ప్రయత్నిస్తుంటే జవాబు చెప్పేయడమే? ఇంకో ఆధారం వదిలారు: "ముందు హనుమంతుణ్ణి పెట్టుకుంటే ఎనిమిది." హనుమతోడి ఎనిమిదో మేళకర్త మరి. తెనాలిలో వాళ్ళ అక్కయ్యగారు "ఎనిమిది కాసులు పట్టుకుపోయిందా!" అని గుండెలు బాదుకుని, ఉన్న చీరతోనే బస్సెక్కారు.

తమాషా చూద్దామని నేనూ వెళ్ళాను. సాయంత్రం నాలుగింటికి ఆవిడ తలుపు కొడితే కోడలే తీసింది. "రండి అత్తయ్యగారూ, కాపీ కలుపుతున్నాను." ఆవిడ గుమ్మంలోనే చతికిలబడ్డారు.

లోపల బావగారు కళ్ళజోడు పెట్టుకుని లెక్క చూసుకుంటున్నారు. ముప్ఫై ఏడు జవాబులు. ఒక్కటీ సరైనది కాదు. అంత వెలుగు ఆయన మొహంలో నేను పెన్షన్ పెరిగిన నాడు కూడా చూడలేదు. వేలితో పైకి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగారు.

"ఇదిగో, మొట్టమొదటిది నీదేనమ్మా. తీసేశావు. ఏం రాశావేమిటి?"

"ఏం లేదు మామయ్యగారూ, పొరపాటున వేలు తగిలింది" అంటూ ఆ పిల్ల కాపీ గ్లాసు ఆయన చేతికిచ్చింది.